నేర్చిన భాషకు కొలత యేది?

మొయినాబాదు మండలమున చిలుకూరు అను గ్రామము కలదు. అచ్చటి బాలాజీ ఆలయమున హుండీ లేదు. కోరికతో వచ్చినవారు 11 ప్రదక్షిణములు చేయుదురు. కోరిక యీడేరిన పిమ్మట మరల వచ్చి 108 చేయుదురు. విదేశములకు పోగోరు యువకులు పెద్దసంఖ్యలో వచ్చుటచేత ఆ దేవునకు వీసా బాలాజీ అను ముద్దుపేరు కూడ ఏర్పడినది. అన్ని చుట్లు తిరుగుచు లెక్క తప్పకుండుట కష్టమే కదా! అందుకై అంకెలు అచ్చువేసిన చిన్న కార్డులు కలవు. ఒక్కొక్క చుట్టునకు ఒక్కొక్క అంకెను కొట్టివేయుచు భక్తులు నడచుచుందురు.

ఆ యువకులలో కొందరు ఇంటివద్ద మరియొక లెక్క కూడ పెట్టుకొనుచున్నారు. జర్మనీకి పోదలచినవాడు జర్మను భాషను, జపానుకు పోదలచినవాడు జపాను భాషను, ఒక్కొక్కప్పుడు రెండు మూడు భాషలను కలిపి, తమంత తామే నేర్చుకొనుచున్నారు. పంతులు లేడు, చేతిలోని ఫోనే బడి. వరుసగా ఎన్ని దినములు చదివితివి, ఎన్ని మాటలు చూచితివి అని ఆ యంత్రము పూటపూటకు లెక్క చెప్పును. ఈ లెక్కకును, ఆ కార్డు మీది లెక్కకును పోలిక లేకపోలేదు. అయితే ప్రదక్షిణములకు 108 అను హద్దు కలదు. భాషకు అట్టి హద్దు లేదు. గురువు లేని విద్యార్థి తాను ఎంత దూరము వచ్చెనో తెలిసికొనుట యెట్లు? ఈ ప్రశ్న నేటిది కాదు. తెలుగుదేశమున దీనికి రెండు నూరేండ్ల చరిత్ర కలదు.

చేవెళ్ల ప్రాంతమునకు పరభాష యెన్నడును విలాసవస్తువు కాలేదు. ఇంట తెలుగు, కచ్చేరిలో నిజాము రాజ్యపు తొలినాళ్ళనుండి పారశీకము, 1880 తరువాతి సంవత్సరములనుండి ఉర్దూ. ఆ రాజ్యముననే పడమట మరాఠీ, కన్నడ ప్రాంతములుండెను. ఆపై ఇంగ్లీషు. మొయినాబాదు సమీపముననున్న పెద్దమంగళారమున 1890లో జన్మించిన కొండా వేంకట రంగారెడ్డిగారు హైదరాబాదులో న్యాయవాదిగా పేరొందిరి. తరువాతి కాలమున ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రియైరి. నేటి రంగారెడ్డి జిల్లాకు ఆయన పేరే పెట్టబడినది. ఆ కాలపు హైదరాబాదు వకీలు తన వాదమును ఉర్దూలో వినిపింపవలసియుండెను. అతని భాషాజ్ఞానమునకు కొలత పుస్తకమున లేదు, తీర్పులో ఉండెను. కక్షిదారు తెలుగున చెప్పుకొన్న కష్టమును న్యాయాధికారికి ఉర్దూలో అర్థమగునట్లు చెప్పగలిగెనా, లేదా అనునదే పరీక్ష. పొరపాటు జరిగినచో పోవునది మార్కులు కావు, రైతు భూమి.

ఈ బహుభాషా విద్యకు ఒక చేదు పార్శ్వము కూడ కలదు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధనీ సభలో అలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా కొందరు అల్లరిచేసి ఆయనను మాటలాడనీయలేదు. ఆ అవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. అది ఎదిగి ఆంధ్రమహాసభ కాగా, 1936లో షాదునగరున జరిగిన సభకు రంగారెడ్డిగారే అధ్యక్షులు. పరభాషలన్నిటిని లెక్కించి, స్వభాషను లెక్కకు తీసికొనని సభ అది. భాషలను కొలుచు కోల ఎవరి చేతిలో నున్నదో ముందుగా చూచుకొనవలెనని ఆనాటివారికి తెలిసివచ్చెను. ఆంధ్రోద్యమపు పెద్దలే ఇతరభాషలకు ప్రేమికులగుట గమనింపదగినది. బూర్గుల రామకృష్ణరావుగారు ఉర్దూ, మరాఠీ, కన్నడ, సంస్కృతములతోపాటు పారశీకమును గూడ సాధించి, ఆ వాఙ్మయచరిత్రను తెలుగువారికి తెలుగున అందించిరి. కచ్చేరి నుండి పారశీకము తొలగిపోయిన తరువాత పుట్టినవారు గనుక ఆ భాషతో ఆయనకు అక్కర లేదు, ఇష్టముండెను.

ఇక తెలుగే పరభాషగా నేర్చినవారి సంగతి. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798లో కలకత్తాలో పుట్టెను. తండ్రి మతాచార్యుడు, పండితుడు; కుమారునకు బాల్యముననే హీబ్రూ, పారశీకము, హిందూస్తానీ మొదలగు భాషలను పరిచయము చేసెను. 1817లో కుంపిణీ ఉద్యోగమునకై మద్రాసు చేరునప్పటికి బ్రౌనునకు తెలుగు రాదు. అచ్చటి కళాశాలలో వెలగపూడి కోదండరామపంతులు ఆయనకు ఓనమాలు దిద్దించెను. 1820లో పరీక్షయైనది, బ్రౌను ఉత్తీర్ణుడై కడపకు ఉద్యోగిగా వెళ్లెను. మరియొకడైనచో లెక్క అక్కడితో ముగిసియుండెడిది. పరీక్ష కృతార్థుడైన దొరకు జీతము వచ్చుచుండగా ఇంకను చదువుమని అడుగువారెవరు?

బ్రౌను చరిత్రలో నాకు ముఖ్యముగా తోచునది ఆ పరీక్ష తరువాతి కాలము. కళాశాల తెలుగు వేరు, కచ్చేరికి వచ్చు అర్జీల తెలుగు వేరు, కావ్యముల తెలుగు వేరు అని ఆయన గుర్తించెను. ఒకే భాషలో మూడు భాషలు! మొదటిదానిలో తాను ఉత్తీర్ణుడు. మిగిలిన రెండింటిలో కొలత యింకను మొదలే కాలేదు. 1824లో మచిలీపట్టణమున నుండగా వేమన పద్యములపై ఆయన దృష్టి పడెను. తాటాకు ప్రతులను తెప్పించెను. ఏ రెండు ప్రతులును ఒకటిగా లేవు. పద్యముల వరుస వేరు, పాఠములు వేరు, సంఖ్య వేరు. ప్రతులను ఒకదానితో నొకటి సరిపోల్చి, పద్యములను ఏర్చి, ఇంగ్లీషు అనువాదముతో 1829లో 693 పద్యములను ప్రకటించెను. పది సంవత్సరముల పిదప వెలువడిన కూర్పులో ఆ సంఖ్య 1,164 అయ్యెను.

ఈ అంకెలను గ్రంథచరిత్రగా చూచువారే ఎక్కువ. నేను వీనిని విద్యార్థి లెక్కపుస్తకముగా చూచుచున్నాను. అనువాదము కఠినమైన పరీక్షాధికారి. చదువుచుండగా తెలియని మాటను దాటి పోవచ్చును. సందర్భమును బట్టి తెలిసినట్లే తోచును. అనువదింప కూర్చున్నచో ఆ మాట దారికడ్డముగా నిలుచును. తెలియదని కాగితము మీద తేలిపోవును. బ్రౌను అట్లు నిలిచిన మాటలను వదలక పండితులనడిగి తెలిసికొనెను. సొంత డబ్బుతో పండితులను పోషించి, ప్రబంధములకు టీకలు వ్రాయించెను. జూలూరి అప్పయ్య వంటి విద్వాంసులు ఆ పనిలో తోడ్పడిరి. అందుకై అప్పులు కూడ చేసెను. చేర్చుకొన్న మాటలే పెరిగి పెరిగి 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువైనవి. కచ్చేరి తెలుగున కలిసిపోయిన హిందూస్తానీ, పారశీక పదములకు ఆయన వేరొక నిఘంటువునే కూర్చెను. జమాబందీ, తహసీలు, పట్టా వంటి మాటలతో దినము గడుపుకొనిన చేవెళ్ల రైతు ఆ పుస్తకమును చూచియున్నచో తన యింటి భాషయే అనుకొనియుండును. తనకు తెలియని మాటల పట్టిక ఒక జాతికి నిఘంటువుగా మారుట ఆశ్చర్యకరము కాదా!

ఇట్లే లెక్క పెట్టుకొనిన మరియొకడు, ట్రాయి నగర శిథిలములను త్రవ్వించి పేరొందిన జర్మను వర్తకుడు హైన్రిఖ్ ష్లీమన్. యౌవనమున ఆమ్‌స్టర్‌డామ్‌లో గుమాస్తాగా నుండెను. దినమును పైకి చదువుట, తనకు నచ్చిన విషయముపై వ్యాసము వ్రాయుట, దానిని ఉపాధ్యాయునిచే దిద్దించి కంఠస్థము చేసి మరునాడు అప్పగించుట ఆయన పద్ధతి. ఇంగ్లీషునకు ఆరు నెలలు, ఫ్రెంచికి ఆరు నెలలు. తరువాతి భాషలకు ఆరేసి వారములు చాలినవని ఆయనయే వ్రాసికొనెను. 1844లో రష్యను మొదలిడునప్పుడు ఆ యూర నేర్పువాడు లేకపోయెను. ఒక పాత వ్యాకరణము, ఒక నిఘంటువు, తెలెమాకస్ కథకు చెడ్డ అనువాదమొకటి దొరికినవి. వినువాడుండవలెనని ఒక పేదవానికి వారమునకు నాలుగు ఫ్రాంకులిచ్చి, రష్యను తెలియని ఆ మనుష్యుని యెదుట ప్రతిరాత్రి రెండు గంటలు అప్పగించెను. పొరుగువారు ఆ కేకలు భరింపలేక ఫిర్యాదు చేయగా రెండు మారులు ఇల్లు మారవలసివచ్చెనట!

ష్లీమన్ తన గొప్పను కొంచెము పెంచి చెప్పుకొనువాడని పరిశోధకులు నిరూపించిరి గనుక ఆ వారముల లెక్కను చూచి మన పిల్లలు బెంగపడనక్కరలేదు. అయినను ఆయన కొలత మాత్రము మంచిది. ఆరు వారముల తరువాత లండనులోని ఒక రష్యను వర్తకప్రతినిధికి ఆ భాషలో ఉత్తరము వ్రాసెను. నీలిమందు వేలమునకు వచ్చిన రష్యను వర్తకులతో మాటలాడెను. అవతలివానికి అర్థమయ్యెను. ఎన్ని గంటలు చదివితినన్న లెక్కకంటె ఆ యొక్క ఉత్తరము ఎక్కువ చెప్పును. ప్రయాణములలో ఏ దేశమున నుండిన ఆ దేశభాషలో దినచర్య వ్రాసికొను అలవాటు కూడ ఆయనకుండెను. నిరుటి పుటను ఈ యేటి పుటతో పోల్చినచో పురోగతి కంటికే కనబడును.

గంటల లెక్క, మాటల లెక్క వట్టివని దీని అర్థము కాదు. హెర్మన్ ఎబింగ్‌హౌస్ అను మరియొక జర్మను విద్వాంసుడు అర్థము లేని అక్షరకూటములను కంఠస్థము చేసి, తన మరపును తానే కొలిచి, 1885లో ఫలితములను ప్రకటించెను. మరల నేర్చుకొనుటలో ఎంత శ్రమ ఆదా అగుననునది ఆయన కొలత. ఒక దినము గడచునప్పటికి ఆ ఆదా సుమారు మూడవ వంతు. నెల గడచినను అయిదవ వంతు మిగిలియుండెను. అనగా మరపు మొదటి గంటలలోనే ఎక్కువ. తరువాత మెల్లగా సాగును. నేర్చిననాడు వేసికొన్న లెక్క మరునాటికి నిజము కాదు. కార్డు మీద కొట్టివేసిన అంకె తిరిగి మొలవదు. నేర్చిన మాట మాత్రము జారిపోవును. కాబట్టి నేడు ఎన్ని క్రొత్తమాటలు నేర్చితినని గాక, వారము క్రిందటివానిలో ఎన్ని మిగిలినవని వ్రాసికొనువాని లెక్కయే నమ్మదగినది. 2001లో ఐరోపా మండలి ప్రకటించిన ఆరు మెట్ల పద్ధతి కూడ మాటలను లెక్కింపదు. దారి అడుగగలవా, ఉత్తరము వ్రాయగలవా, వాదము నడపగలవా అని అడుగును. జర్మను నేర్చు మన పిల్లలు ఏ–1, బి–1 అనుచుండుట ఈ మెట్లనే. పాత హైదరాబాదు వకీలుకు ఈ పద్ధతి క్రొత్తగా తోచియుండదు.

పుస్తకము గాని, పరీక్ష గాని, మెట్లు గాని లేని భాషను నేర్చినవాని కథ వీరందరి కథకంటె గొప్పది. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడి పాఠశాలలో ఉపాధ్యాయులైరి. ముఖలింగమున శాసనములను తమంత తాము చదువ నేర్చుకొనిరి. చుట్టుప్రక్కల కొండలలోని సవరలు సంతలకు దిగివచ్చుటయు, భాష రాక మోసపోవుటయు ఆయన చూచిరి. సవరభాష తెలిసిన ఒకనిని ఇంట ఉంచుకొని, విన్న మాటను విన్నట్లు వ్రాసికొనుట మొదలిడిరి. అది తెలుగునకు చుట్టము కాదు. ముండా కుటుంబపు భాష. తెలుగు లిపికి లొంగని ధ్వనులు అందు కలవు. తాను పలికినది సరిగా నున్నదో లేదో చెప్పుటకు సవరకంటె వేరు పరీక్షాధికారి లేడు. ఏళ్లపాటు అట్లు నేర్చి, ఆ భాషలో పాఠ్యపుస్తకములు వ్రాసి, సొంత ఖర్చుతో సవరపిల్లలకు బడులు పెట్టిరి. ఆ పుస్తకములకు ప్రభుత్వము బహుమానము ఇవ్వజూపగా, ఆ సొమ్ముతో సవరలకే బడి పెట్టుడని కోరిరి.

1906 ప్రాంతమున యేట్సు అను పాఠశాలల ఇన్‌స్పెక్టరు తెలుగు నేర్చుకొనుచు ఒక చిక్కులో పడెను. పుస్తకమున చదివిన తెలుగు జనుల నోట వినబడదేమని ఆయన సందేహము. తెలుగు ఉపాధ్యాయులు చెప్పిన సమాధానము ఆయనకు తృప్తినీయలేదు. ఆ ప్రశ్న పి. టి. శ్రీనివాసయ్యంగారిద్వారా గిడుగువారికిని, గురజాడవారికిని చేరెను. సవరభాషను నోటినుండి నేర్చినవానికి సమాధానమునకై వెదుకనక్కరలేకపోయెను. తన పురోగతి యెందుకు సాగదని ఒక విదేశీయుడు అడిగిన ప్రశ్న తెలుగువారి బడిపుస్తకముల భాషను మార్చిన ఉద్యమమునకు బీజమయ్యెను. గ్రాంథికమున వ్రాయబడిన ఈ ప్రసంగమును చూచి గిడుగువారు నన్ను మందలించియుందురు.

సవరకొండలలో తిరుగుచు గిడుగువారు మలేరియా పాలైరి. దానికై మింగిన కొయినా వలన వినికిడి క్షీణించెను. చెవితో నేర్చిన భాషకు చెవియే దూరమయ్యెను. అప్పుడు కుమారుడు సీతాపతిగారు తోడైరి. సవరభాషా పరిచయ గ్రంథము 1931లో వెలువడినది. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చైనది. అప్పటికి పంతులుగారి వయస్సు 75 సంవత్సరములు.