శ్రీహరికోట కథలు – నా అనువాదం



శ్రీహరికోట అనగానే మన మనుమలకు రాకెట్టు గుర్తుకు వస్తుంది. కానీ పులికాటు సరస్సుకూ సముద్రానికీ నడుమ ఉన్న ఆ దీవి ఒకప్పుడు యానాదుల అడవి. తేనె, గడ్డలు, మూలికలు వారి బ్రతుకు. దీవిలోని వంటచెరకు బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో మద్రాసు చేరేది.

ఆ జీవితం గ్రంథస్థమైనది ఎక్కువగా ఇంగ్లీషులోనే. 1909లో థర్‌స్టన్ తన ఏడు సంపుటాల్లో యానాదులను గురించి వ్రాశాడు. మన నెల్లూరు జిల్లా వెన్నెలకంటి రాఘవయ్యగారు 1962లో 'ది యానాదీస్' వెలువరించారు. తెలుగులో చెప్పుకున్న బ్రతుకు ఇంగ్లీషు పుస్తకమయింది.

1969లో దీవిని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న తొలి రోహిణి ఎగిరింది. దీవి ఊళ్ళు ఖాళీ అయ్యాయి.

అప్పుడు నేను కొత్త గుమాస్తాను. దీవి నుంచి వచ్చిన ఒక యానాది పెద్దాయన ఇంగ్లీషులో అర్జీ వ్రాసిపెట్టమన్నాడు. ఏ చెట్టుకు తేనె పట్టేదో, తండ్రిని ఎక్కడ పూడ్చారో గంటసేపు చెప్పాడు. నేను 'ఇంటిస్థలం కోరుచున్నాడు' అని అర్థం వచ్చే ఒక్క వాక్యం వ్రాశాను.

"నేను చెప్పిందంతా పడిందా సామీ?" అన్నాడు.

"పడింది" అన్నాను.

నా సర్వీసులో నేను చేసిన పెద్ద తప్పు అదే. ఏ ఆడిట్‌కూ దొరకలేదు.

2022 నుంచి శ్రీహరికోట తిరుపతి జిల్లాలో ఉంది. నేను బోగోలులో కూర్చుని, ఆ గంటలో విన్నదాంట్లో గుర్తున్నంత తెలుగులో వ్రాస్తున్నాను. మీరు విన్న దీవి ముచ్చట్లుంటే మనుమలచేత వ్రాయించండి. ఒక్క వాక్యానికి కుదించకండి.