ఖర్జూరాలు తినిపించిన చేతులు

షార్జా, ఉమ్ అల్ కువైన్ ఎమిరేట్ల సరిహద్దులో తెల్ అబ్రక్ అని ఒక మట్టిదిబ్బ ఉంది. 1989లో డేనియల్ పాట్స్ అనే పురావస్తు శాస్త్రవేత్త బృందం అక్కడ తవ్వడం మొదలుపెట్టింది. దిబ్బ కింద గుండ్రటి రాతి సమాధి బయటపడింది. నాలుగువేల ఏళ్ళ నాటిది. అందులో మూడు వందల మందికి పైగా మనుషుల ఎముకలు ఒకదాని మీద ఒకటి కలగలిసి ఉన్నాయి.

వాళ్ళలో ఒక పిల్ల గురించే ఈ రాత. పద్దెనిమిదేళ్ళు ఉంటాయేమో. ఎముకలను బట్టి చూస్తే నడవలేని పిల్ల, బహుశా పోలియో. రాత్రింబవళ్ళు పక్కన ఎవరో ఒకరు ఉండి చూసుకోకపోతే అన్నేళ్ళు బతికేది కాదు. ఆ ఎముకలను పరిశీలించిన డెబ్రా మార్టిన్ ఇంకో సంగతి గమనించింది. ఆ వయసులో ఎవరికీ ఉండనంతగా పళ్ళన్నీ పుచ్చిపోయి ఉన్నాయి. పాపం మంచాన పడిన పిల్ల, నోటికి ఇష్టమైనదేదో పెడదామని ఇంట్లోవాళ్ళు ఖర్జూరాలు తినిపించి ఉంటారని ఆమె ఊహ. ఇది చదివిన రోజు చాలాసేపు ఇంకో పని చేయలేకపోయాను. ప్రేమతో పెట్టిందే పళ్ళను తినేసింది.

ఖర్జూరం ఈ నేలకు కొత్త కాదు. అబూ ధాబీ వైపు దల్మా దీవిలో ఏడువేల ఏళ్ళ నాటి గింజలు దొరికాయి. ఆకలికి, ప్రయాణానికి, సముద్రం మీద ముత్యాల వేటకు అదే తిండి. కాకపోతే పంటికి అంటుకుని వదలని తీపి. నోట్లోని సూక్ష్మజీవులు ఆ తీపిని తిని ఆమ్లం వదులుతాయి. పైపొర కరుగుతుంది, లోపలి పొర మెత్తబడుతుంది, చివరికి నరం ఉండే గుజ్జు దాకా దారి పడుతుంది. అక్కడ మొదలవుతుంది అసలు నొప్పి. నాలుగు వైపులా గట్టి గోడలున్న గది అది, వాచడానికి చోటు లేదు.

కొన్నాళ్ళకు గుజ్జు చచ్చిపోతుంది, నొప్పి చల్లారుతుంది. "తగ్గిపోయింది" అని మనిషి సంబరపడేది అప్పుడే. తగ్గింది నొప్పి ఒక్కటే. చీము వేరు కొసకు దిగి దవడ ఎముకను తొలుచుకుంటూ బయటికి దారి వెతుక్కుంటుంది. దారి చిగురులోకి దొరికితే చిన్న పొక్కు లేచి పగులుతుంది, నోరంతా చేదవుతుంది, హాయిగా ఉంటుంది. మళ్ళీ మోసమే. చీము మూలం కదలదు. తవ్వకాల్లో దొరికే దవడల మీద వేరు కొస దగ్గర కనిపించే గుండ్రటి రంధ్రం ఈ తొలిచిన దారే. ఎముక మీద తన సంతకం పెట్టి పోయే జబ్బులు కొన్నే, వాటిలో ఇదొకటి.

పైకి దారి దొరకక కింది దవడ నుంచి నాలుక కిందికీ, మెడలోకీ పాకితే అది వేరే కథ. 1836లో లుడ్‌విగ్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని వర్ణించాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. మెడ చెక్కలా బిగుసుకుంటుంది, నాలుక పైకి లేస్తుంది, ఊపిరి ఆగుతుంది. యాంటీబయాటిక్స్ రాకముందు సగం మందికి పైగా పోయేవారు.

మరి అప్పుడు ఏం చేసేవారు? కార్డోబాలో వెయ్యేళ్ళ కిందట అల్ జహ్రావీ రాసిన వైద్య గ్రంథంలో పంటికి వాత పెట్టే పద్ధతి ఉంది. చుట్టూ ఉన్న చర్మం కాలకుండా పన్ను మీద గొట్టం పెట్టి, అందులోంచి ఎర్రగా కాల్చిన కడ్డీ దించాలి. పన్ను పీకడానికి తొందరపడవద్దని, ఏది నొప్పి పెడుతున్న పన్నో తేల్చుకోవాలని కూడా హెచ్చరించాడు. తెలియని మంగళ్ళు మంచి పన్ను పీకి చెడ్డది వదిలేస్తారట! లవంగం, మిస్వాక్ పుల్ల, కాల్చిన ఇనుము... గల్ఫ్ తీరంలో చాలాకాలం ఇవే వైద్యం. దుబాయిలో అల్ మక్తూమ్ ఆస్పత్రి తెరిచింది 1951లో. మనకూ పెద్ద తేడా లేదులెండి, హైదరాబాదులో ప్రభుత్వ డెంటల్ కాలేజీ వచ్చింది 1959లో.

ఇప్పుడు నాకు తెలిసిన ఒకాయన సంగతి. జగిత్యాల వైపు మనిషి, సోనాపూర్ క్యాంపులో ఉంటాడు, సెంట్రింగ్ పని. నాలుగు రోజులు చెంప వాచినా డ్యూటీ మానలేదు. ఫోన్ చేస్తే ఒకటే మాట: "గోలీలేసుకున్నన్నా, తక్కువైంది." ఆ గోలీలు ఊరి నుంచి వచ్చేటప్పుడు పెట్టెలో తెచ్చుకున్నవి. ఇక్కడ చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మకూడదు కాబట్టి గల్ఫ్‌కు వచ్చే ప్రతి మనవాడి సంచిలో ఒక స్ట్రిప్ ఉంటుంది. తక్కువ ఖరీదు ఇన్సూరెన్సుల్లో పళ్ళ వైద్యం అత్యవసరమైతే తప్ప దాదాపు ఉండదు. సెలవు పెడితే జీతం కోత. ఆయన్ని మూర్ఖుడనడానికి నాకు నోరు రాలేదు.

కానీ గోలీ చీమును తీయదు. నరం చచ్చిన పన్నులోకి రక్తం పోదు, రక్తం పోని చోటికి మందు ఎలా చేరుతుంది? అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో ఇచ్చిన సూచన కూడా ఇదే: జ్వరం లాంటివేవీ లేని పంటి వాపుకు ముందు చేయాల్సింది పంటి పని. చీము వదలాలి, తర్వాత రూట్ కెనాల్ చేసి పన్ను నిలుపుకోవాలి, కుదరకపోతే పీకించుకోవాలి. జ్వరమొచ్చినా, వాపు పాకుతున్నా యాంటీబయాటిక్ తోడుగా ఇస్తారు. నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా, దవడ కింద గట్టిపడినా, ఊపిరి బరువైనా తెల్లారేదాకా ఆగకూడదు. ఇక్కడ అంబులెన్సుకు 998.

అయిదో రోజు ఉమ్మి మింగడం కష్టంగా ఉందన్నాడు. అప్పుడు నాకు భయమేసింది. కారు తీసుకుని వెళ్ళి ఆస్పత్రికి తీసుకుపోయాను. దవడ కింద కోసి చీము తీసి, పన్ను పీకి, రెండు రాత్రులు ఉంచుకున్నారు. ఇంకో రోజు ఆలస్యమైతే మెడ లోపలికి పోయేదని డాక్టరమ్మ కసురుకుంది, ఆయన్ని కాదు, నన్ను.

డిశ్చార్జి రోజున కారులో కూర్చుని ఇంటికి వీడియో కాల్ చేశాడు. చెంపకు కట్టు చూసి వాళ్ళమ్మ ఏడ్చింది. ఏడుపు ఆగాక, వచ్చేటప్పుడు పిల్లలకు ఖర్జూరాలు మర్చిపోకు బిడ్డా అంది.