పొగ లేని కరెంటుకూ లెక్క వుంది

 

సంక్రాంతి పోయి, దాళ్వా ఊడ్పులు ఒక కొలిక్కి వచ్చిన రోజుల్లో మీ బోదెలో పారుతున్న నీళ్ళు ఎక్కడివని ఎవరైనా అడిగితే గోదావరివి అంటారు. సబబే. కాని అప్పటికి నాసికం వైపు నుంచి వచ్చే గోదావరి బాగా సన్నగిల్లి వుంటుంది. ఆ నెలల్లో ధవళేశ్వరం దగ్గర నిలిచే నీటిలో పెద్ద వాటా సీలేరుది. మాడుగుల కొండల్లో పుట్టి, కొంతదూరం మాచ్‌ఖండ్ అనే పేరుతోనూ, కొంతదూరం సీలేరు అనే పేరుతోనూ పారి ఆ యేరు శబరిలో కలుస్తుంది. శబరి కూనవరం వద్ద గోదావరిలో కలుస్తుంది. ఆ మీదట పాపికొండలు, పోలవరం, రాజమహేంద్రవరం, ధవళేశ్వరం లాకులు, తరవాత మీ చేను.

ఆ నీళ్ళు ఊరికే రావు. మోతుగూడెం దగ్గర పొల్లూరు విద్యుత్కేంద్రంలో చక్రాలు తిప్పి మరీ వస్తాయి. రబీలో నీటికి కటకట వచ్చినప్పుడల్లా ధవళేశ్వరం ఇంజనీర్లు సీలేరువారికి ఇన్ని క్యూసెక్కులు వదలమని కబురు పెట్టేది అందుకే. కరెంటు వారికి ఎండాకాలం సాయంత్రాలు ముఖ్యం, మనకు పొట్ట దశ ముఖ్యం. ఈ రెంటికీ ఎప్పుడూ పొత్తు కుదరదు. శివారు రైతుకు ఈ సంగతి నేను చెప్పనక్కర లేదు.

కనుక జలవిద్యుత్తు మాట మనది కాదనుకోవడానికి వీల్లేదు. నీటి కరెంటుకు బొగ్గు అక్కర లేదు, పొగ రాదు, కాబట్టి గాలికి చెరుపు లేదు అని చాలాకాలంగా వింటున్నాం. అందులో నిజం వుంది, కాని అది పూర్తి నిజం కాదు. మిగిలిన నిజం తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కర లేదు, చేలో దిగితే చాలు.

జీలుగ కలియదున్ని దమ్ము చేసిన చేలో పదిరోజులు నీరు నిలిచాక నాలుగడుగులు వేసి చూడండి. కాలు దిగబడినచోటల్లా బుడబుడమని బుడగలు లేస్తవి. ఆ బుడగల్లో వున్నది మీథేను వాయువు. గోబర్ గ్యాసు పొయ్యిలో నీలంగా మండేదీ అదే. ఆకూ అలమూ, పేడా పెంటా గాలి తగలకుండా నీటి కింద కుళ్ళితే బురదలోని సూక్ష్మజీవులు దాన్ని తయారు చేస్తాయి. నీరు వెచ్చగా వున్నకొద్దీ ఆ పని చురుకుగా సాగుతుంది. బొగ్గు కాలిస్తే వచ్చే బొగ్గుపులుసు గాలి, అంటే కార్బన్ డయాక్సైడు, శతాబ్దాలపాటు ఆకాశంలో వుండిపోతుంది. మీథేను ఉనికి పది పన్నెండేళ్ళే. కాని వున్నన్నాళ్ళూ వేడిని పట్టి వుంచడంలో దానికి దీటు లేదు. నూరేళ్ళ లెక్కన సుమారు 28 రెట్లు, ఇరవయ్యేళ్ళ లెక్కన సుమారు 80 రెట్లు హెచ్చు.

ఇప్పుడు ఒక అడవిని, కొన్ని ఊళ్ళను, పొలాలను నీటి కింద ముంచామనుకోండి. అదొక పెద్ద దమ్ము మడి కాదూ?

మన నదిమీద మొదటి పెద్దకట్ట ఆర్థర్ కాటన్‌ది. 1847లో మొదలై 1852లో పూర్తయింది. అది నీటిని కాలవల్లోకి మళ్ళించే పొట్టి గోడ. దానివెనక చెప్పుకోదగ్గ జలాశయం లేదు, మునిగిన అడవి లేదు. వరద వస్తే ఒండ్రుతో సహా దానిమీదనుంచి దొర్లిపోయేది. దాదాపు పది లక్షల ఎకరాలకు రెండు పంటలు అలవాటు చేసిన వ్యవస్థకు పునాది ఆ గోడ. పాత ఆనకట్ట నీరసించాక 1970లో మొదలుపెట్టి 1982లో ముగించిన నేటి బ్యారేజీ పని కూడా ప్రధానంగా మళ్ళింపే.

నీటిని ఎత్తున నిలిపి కరెంటు తీసే పని పైన కొండల్లో మొదలైంది. మాచ్‌ఖండ్ 1955లో వెలిగింది. ఆంధ్ర, ఒడిశా ఉమ్మడి సొత్తది. జోలాపుట్ దగ్గర నీరు ఆపి, డుడుమ జలపాతం వున్నచోట కొండవాలున దించి యంత్రాలు తిప్పారు. 1967లో ఎగువ సీలేరు మొదలైంది. 1960లలో రెండు రాష్ట్రాలు ఒప్పందపడి చిత్రకొండ దగ్గర బలిమెల డ్యాము తలపెట్టాయి. 1976 నుంచి 1978 లోపల పొల్లూరులో దిగువ సీలేరు నాలుగు యంత్రాలు, ఒక్కొక్కటి 115 మెగావాట్లు, పని మొదలెట్టాయి. మొత్తం 460 మెగావాట్లు.

బలిమెల పేరెత్తాక ఒక మాట చెప్పకుండా పోలేను. ఆ నీరు నిండినప్పుడు ఆవలి ఒడ్డున నూట యాభైదాకా గిరిజన గ్రామాలు మూడువైపులా నీటితో చిక్కుబడిపోయాయి. వాళ్ళు పడవ లేకుండా బయటికి వచ్చేందుకు గురుప్రియ వంతెన 2018లో గాని రాలేదు. మన దాళ్వా మడిలోని నీటిలో వాళ్ళ నలభై ఏళ్ళు కూడా కలిసి వున్నాయి.

ఇక గాలి లెక్క. మన దేశంలో బొగ్గు కాల్చి ఒక యూనిట్ కరెంటు తీస్తే సుమారు ఒక కిలో బొగ్గుపులుసు గాలి పైకి పోతుంది. ఇరుకు లోయలో లోతుగా నీరు నిలిపి, వందల అడుగుల ఎత్తునుంచి దించే కేంద్రంలో యూనిట్‌కు మునిగే భూమి తక్కువ. అటువంటిచోట నీటి కరెంటు బొగ్గుకంటే ఎంతో మేలు. ఇందులో నాకు సందేహం లేదు.

చదును నేలమీద పల్చగా నీరు పరిచినచోట కథ తిరగబడుతుంది. బ్రెజిలు దేశంలో అమెజాన్ అడవి మధ్య బల్బీనా అని ఒక డ్యాము వుంది. 1987లో గేట్లు మూశారు. 250 మెగావాట్ల కోసం సుమారు 2,360 చదరపు కిలోమీటర్లు మునిగింది. పొల్లూరు కరెంటులో సగంపైచిలుకు! పైగా అడవిని చాలామట్టుకు నరకకుండానే నీరు ఎక్కించారు. చెట్లు నిలుచున్నచోటే మోళ్ళయ్యాయి. ఆ దేశపు శాస్త్రజ్ఞులు అక్కడ గాలిని పట్టి కొలిచి, యూనిట్‌కు బొగ్గు కేంద్రంకంటే ఎక్కువ చెరుపు చేస్తున్నదని తేల్చారు.

అక్కడ తెలిసిన సంగతి మరొకటి వుంది. అడుగున బరువుతో అణిగివున్న నీటిలో మీథేను కరిగి వుంటుంది. యంత్రాలకు నీటిని అడుగునుంచి తీస్తే, అవతల బయటపడగానే గాలి ఒక్కసారిగా విడుదలవుతుంది. గోళీ సోడా కొట్టినప్పుడు జరిగేదే ఇక్కడా జరుగుతుంది. జలాశయం ఉపరితలంమీద మాత్రమే కొలిచి ఊరుకుంటే ఈ భాగం లెక్కకు రాదు.

ఈ కబుర్లన్నీ డెల్టా రైతుకెందుకంటారా? పోలవరం వుంది గనుక.

1940లలో మద్రాసు ప్రభుత్వ ఇంజనీరు ఎల్. వెంకటకృష్ణ అయ్యరుగారు పోలవరం దగ్గర రామపాదసాగరం తలపెట్టారు. నీరు భద్రాచల రాముని పాదాలదాకా నిలుస్తుందని ఆ పేరు అంటారు. అది కాగితం దాటలేదు. 2004లో పోలవరానికి శంకుస్థాపన జరిగింది. 2014లో జాతీయ ప్రాజెక్టు అయింది. పథకం ప్రకారం నిండుమట్టం 150 అడుగులు, నిలువ 194 టి.ఎం.సి.లు, కరెంటు 960 మెగావాట్లు. కదలవలసిన కుటుంబాలు లక్షకు పైగా.

పాపికొండల మధ్య ఆ నీరు ఇరుకుగా, లోతుగా నిలుస్తుంది. కాని కొండలు దాటి కూనవరం, వరరామచంద్రాపురం, చింతూరు వైపు శబరి పక్కకు వెళితే నేల చదును. నీరు 150 అడుగులకూ, వాడుకునే కనీసమట్టం 135 అడుగులకూ మధ్య ఎక్కుతూ దిగుతూ వుంటుంది. కొండవాలున ఈ పదిహేనడుగులు సన్నని గీత. చదునులో అది విశాలమైన మేర. వేసవికి నీరు తగ్గుతుంది, ఒండ్రుమీద గడ్డి మొలుస్తుంది. వరదకు మునుగుతుంది, కుళ్ళుతుంది. ఏటేటా పచ్చిరొట్ట వేసి దమ్ము చేసినట్టే. కాబట్టి నిండుగా నీరు ఎక్కించేముందే కలప, కంపా, ఖాళీ అయిన ఊళ్ళలోని చెత్తా తీసివేశారా లేదా, యంత్రాల అవతల కూడా వాయువును కొలుస్తారా అన్నది అడగవలసిన ప్రశ్న. నీరు నిండాక చెట్టు నరకడం ఎవరితరమూ కాదు.

అడిగే హక్కు మనకు ఇంకొకందుకూ వుంది. ఏ దేశం ఎంత వాయువు వదులుతున్నదో రాసే అంతర్జాతీయ లెక్కల పుస్తకంలో వరిచేల మీథేనును కొలిచే పద్ధతి 1996 నాటికే వుంది. జలాశయాల మీథేను 2006లో అనుబంధంలో చోటు చేసుకుంది, అసలు పద్ధతిగా 2019లో గాని ఎక్కలేదు. మడి లెక్క ముందు రాశారు, మడికి నీరిచ్చే డ్యాము లెక్క ఇరవయ్యేళ్ళు ఆగింది. బురద రెండుచోట్లా ఒకటే! ప్రపంచంలోని జలాశయాలన్నీ కలిసి, మనిషివల్ల పోయే చెరుపు వాయువుల్లో నూటికి సుమారు 1.3 వంతు వదులుతున్నవని 2016లో ఒక అంచనా వెలువడింది.

జలాశయం అడుగున కుళ్ళే సరుకులో మన లంకలకు రావలసిన ఒండ్రు కూడా వుంటుంది. జాయక్‌వాడీ, పోచంపాడు మొదలుకొని పైన కట్టినవన్నీ దాన్ని పట్టుకుంటున్నాయి. 1970లలో గోదావరి ఏటా మోసిన ఒండ్రులో, 1990లకు సగంకంటే తక్కువే మిగిలిందని ఆంధ్ర విశ్వవిద్యాలయంవారు చూపించారు. వేడికి సముద్రం పొంగుతున్నది, ఎత్తు పెంచే మట్టి రావడం లేదు. ఉప్పాడ వెళ్ళి చూసినవారికి తీరం కోత అంటే ఏమిటో తెలుసు.

డ్యాము లెక్క అడిగేవాళ్ళం మన చేను సంగతీ కొంత చూసుకోవాలి. పిలకల దశలో మడిని ఒకటి రెండుసార్లు సన్నని నెర్రె పడేదాకా ఆరగట్టి మళ్ళీ తడిపితే బురదకు గాలి తగులుతుంది, మీథేను తగ్గుతుంది, సీలేరు నీరూ మిగులుతుంది. అంకురం పడే దశనుంచి పూత అయ్యేదాకా మాత్రం నీరు తీయవద్దు. వంతులవారీగా నీరు వచ్చే కాలవకింద, మళ్ళీ వంతు ఎప్పుడో తెలుసుకుని గాని ఆరగట్టవద్దు. ఉప్పు చవుడు పైకి తేలే సముద్రపు శివారు భూముల్లో అయితే, విస్తరణ మిత్రులు ఎంత చెప్పినా సరే, ఆరగట్టమని నేను చెప్పను.