పరదేశంలో మన మ్యాచ్: ఒక వెతుకులాట చరిత్ర

కతార్ రాజధాని దోహాకు ఉత్తరాన ఉమ్ సలాల్ మొహమ్మద్ అనే ఊరుంది. అక్కడి బర్జాన్ బురుజులను 19వ శతాబ్దం చివర్లో కట్టి, 1910లో బాగుచేయించారు. ముత్యాల వేటకు వెళ్ళిన పడవలను కనిపెట్టడానికీ, నెలవంకను చూడటానికీ ఆ బురుజులు ఎక్కేవారట. దూరాన ఉన్న తమవారి కోసం ఎత్తెక్కి చూడటం మనిషికి కొత్త కాదు. పొట్ట చేతబట్టుకుని గల్ఫ్ చేరిన మన కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల వాళ్ళూ ఏళ్ళ తరబడి ఇలాగే చూస్తున్నారు. అయితే వాళ్ళు వెతికేది మన దేశపు మ్యాచ్ కోసం.

మొదట్లో షార్ట్‌వేవ్ రేడియోనే దిక్కు. 1983 జూన్ 25న లార్డ్స్‌లో కపిల్ దేవ్ జట్టు 43 పరుగుల తేడాతో ప్రపంచ కప్పు గెలిచినప్పుడు, ఇంటి దగ్గరివాళ్ళు దూరదర్శన్‌లో కళ్ళారా చూశారు. పరదేశంలో ఉన్నవాళ్ళలో చాలామందికి గరగరలాడే రేడియోలో విన్నదే భాగ్యం. మరుసటి ఏడాది, 1984 ఏప్రిల్‌లో, ఆటే గల్ఫ్‌కు నడిచివచ్చింది. అబ్దుల్ రహమాన్ బుఖాతిర్ షార్జాలో కట్టించిన మైదానంలో తొలి ఆసియా కప్ జరిగింది, మనమే గెలిచాం. 1986లో చేతన్ శర్మ వేసిన చివరి బంతికి మియాందాద్ కొట్టిన సిక్సర్ మనల్ని ఏడిపించినా, 1998 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా మీద రెండు రోజుల తేడాతో సచిన్ కొట్టిన 143, 134 పరుగులు ఆ బాకీ తీర్చాయి.

1991లో స్టార్ టీవీ వచ్చింది. అది వాడుకున్న ఆసియాశాట్-1 ఉపగ్రహపు సంకేతం చైనా నుంచి అరబ్ దేశాల దాకా పడేది. ఇంజనీరుగా నాకు ఇందులో నచ్చిన సంగతి ఒకటుంది. ఉపగ్రహ సంకేతానికి దేశాల సరిహద్దు తెలియదు. తగినంత పెద్ద డిష్ ఉంటే చాలు, ఎవరింట్లోనైనా దిగుతుంది. తర్వాతి కాలంలో భారతీయ డీటీహెచ్ పెట్టెలు సూట్‌కేసుల్లో గల్ఫ్ చేరిందీ ఆ ధైర్యంతోనే.

ఇదే సమయంలో అమెరికాలో ఉన్నవాళ్ళకు ఇంటర్నెట్ ఆసరా అయింది. 1993లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో సైమన్ కింగ్ మొదలుపెట్టిన క్రికిన్ఫోకు ఎందరో విద్యార్థులు చేయి కలిపి స్కోర్లు టైపు చేసి పంపేవారు. 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో మన హైదరాబాదీ లక్ష్మణ్ 281 కొట్టినప్పుడు, రాత్రంతా తెర మీద అక్షరాలే చూస్తూ కూర్చున్నవాళ్ళు ఈ సభల్లోనూ చాలామందే ఉంటారు.

మరి ప్రసార హక్కు ఎవరిది? 1993 హీరో కప్ ప్రసారం మీద దూరదర్శన్‌కూ బెంగాల్ క్రికెట్ సంఘానికీ తగాదా వచ్చి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1995 ఫిబ్రవరి 9న, ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని కోర్టు తేల్చింది. ఆ ధర్మాసనంలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి ఎదిగిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి గారు ఉండటం మనకు గర్వకారణం. 2007లో వచ్చిన చట్టం, దేశానికి ముఖ్యమైన మ్యాచ్‌ల ప్రసారాన్ని ప్రైవేటు చానెళ్ళు ప్రసార భారతితో పంచుకోవాలని చెప్పింది. ప్రకటనల రాబడిలో టీవీకి సంబంధించి 75 శాతం హక్కుదారుకు, 25 శాతం ప్రసార భారతికి. పల్లెలో కేబుల్ లేని పేదవాడికి ఇది మేలే చేసింది. అయితే ఆ మేలు దేశం పొలిమేర దగ్గరే ఆగిపోయింది.

కొన్నేళ్ళ క్రితం ప్రాజెక్టు పని మీద కొన్ని వారాలు ఉమ్ సలాల్‌లో ఉన్నాను. హైదరాబాదులో డబ్బు కట్టి తీసుకున్న సభ్యత్వమే, అదే ఫోను. కానీ ఈ కార్యక్రమం మీరున్న ప్రాంతంలో లభించదు అని తెర మీద వచ్చింది. ఇంటర్నెట్‌కు కలిపిన ప్రతి పరికరానికీ ఒక నంబరు ఉంటుంది. మనం ఏ దేశంలో ఉన్నామో ఆ నంబరే చెప్పేస్తుంది. షార్ట్‌వేవ్ కాలంలో మనల్ని ఆపింది దూరం. ఇప్పుడు ఆపుతున్నది ఒప్పంద పత్రంలోని ఒక్క వాక్యం.

అంకెలు చూడండి. 2022 జూన్‌లో ఐపీఎల్ అయిదేళ్ళ హక్కులు మొత్తం 48,390 కోట్లకు అమ్ముడుపోయాయి. అందులో భారత ఉపఖండం వెలుపలి ప్రపంచమంతా కలిపి వచ్చింది సుమారు 1,058 కోట్లు, అంటే రెండు శాతం పైచిలుకు. ఆ రెండు శాతం కోసం కట్టిన గోడ వెనుక లక్షలాది మనవాళ్ళు ఉన్నారు. 2023లో దేశంలో జియోసినిమా ఉచితంగా చూపిన మ్యాచ్ కోసం, గల్ఫ్ కూలీ మళ్ళీ వేరే చోట డబ్బు కట్టాలి, లేదా దొంగదారి వెతకాలి.

దొంగదారి మంచిది కాదు. పక్కనున్న ఎమిరేట్స్‌లో వీపీఎన్ చాటున నేరం చేస్తే 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల జరిమానా అని 2016లోనే చట్టం సవరించారు. కతార్‌కు ప్రసార చౌర్యం బాధ బాగా తెలుసు. దోహా కేంద్రంగా ఉన్న బీఇన్ స్పోర్ట్స్ ప్రసారాలను 2017 నుంచి బీఅవుట్‌క్యూ పేరుతో దొంగిలించారు. ఆ వివాదం ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా వెళ్ళింది. కొనుక్కున్నవాడి హక్కునూ మనం గౌరవించాల్సిందే.

మరి దారి లేదా? ఉంది. ఇంగ్లండులో పోర్ట్స్‌మత్‌లో మద్యశాల నడిపే కరెన్ మర్ఫీ గ్రీసు డీకోడర్ కార్డుతో ఫుట్‌బాల్ చూపించి కోర్టుకెక్కింది. 2011 అక్టోబరు 4న యూరోపియన్ న్యాయస్థానం, పొరుగు సభ్యదేశపు కార్డులను నిషేధించడం చెల్లదంది. ఆపై 2018 ఏప్రిల్ 1 నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఒక నిబంధన అమలైంది. డబ్బు కట్టిన సభ్యుడు తాత్కాలికంగా మరో సభ్యదేశానికి వెళితే, అదనపు రుసుము లేకుండా తన సేవలు తనకు అందాలి. హక్కుదారు ఆస్తి ఎక్కడికీ పోలేదు, ప్రయాణికుడి డబ్బూ వృథా కాలేదు.

ఇటువంటి ఏర్పాటు మన దేశానికీ గల్ఫ్‌కూ మధ్య ఎందుకు ఉండకూడదు? వీసాలు, విమానాల గురించి వినతిపత్రాలు ఇచ్చే మన సంఘాలు ఈ మాట కూడా చేర్చవచ్చు. సొంత ఊళ్ళో డబ్బు కట్టిన ఆటను పరాయి ఊళ్ళో నాలుగు వారాలు చూడనివ్వమని అడగడం పెద్ద కోరికేమీ కాదు. ఎండలో పన్నెండు గంటలు పనిచేసి గదికి చేరిన మన సోదరుడికి ఆ మూడు గంటల ఆట వినోదమే కాదు, ఇంటి కబురు కూడా.