వసారా దూలానికి ఎండ, వానల నుండి రక్షణ

తుమకూరు జిల్లాకు చెందిన పావగడ తాలూకాను దాదాపు అన్ని వైపులా ఆంధ్రప్రదేశ్ గ్రామాలే చుట్టి ఉన్నాయి. ఇళ్ల కట్టుబడికి మాత్రం ఈ సరిహద్దు లేదు. మట్టిగోడలు, కంభాలు, వాటిపై బోదెలు, దూలాలు, దంతెలు, పైన చౌడుమట్టి మిద్దె ఇరువైపులా ఒకే తీరున కనిపిస్తాయి. తెలుగులో దూలమన్నా, కన్నడంలో తొలె అన్నా ఇంటి బరువును మోసేది అదే. ఇంటి లోపలి దూలం తరాల తరబడి నిలుస్తుంది. వసారా ముందరి దూలం మాత్రం ఒక ముఖాన్ని ఎండకు, వానకు అప్పగించి ఉంటుంది కనుక మొదట చెడేది అదే. పెద్దలు కూర్చునేదీ, పిల్లలు చదువుకునేదీ దాని నీడనే గనుక ఆ దూలం సంరక్షణ ప్రతి కుటుంబానికీ అవసరం.

చెడుటకు కారణాలు

తిరుమణి పరిసరాలలో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రానికి ఆధారమైన ఎండే కొయ్యకు ప్రథమ శత్రువు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు కొయ్య పైపొరను విరిచి బూడిదరంగుకు తెస్తాయి. వేసవిలో పగుళ్లు పడతాయి. తరువాత వచ్చే వాననీరు ఆ పగుళ్లలో నిలుస్తుంది. కొయ్యలో తేమ సుమారు 20 శాతం దాటి అలాగే ఉంటే బూజుజాతి జీవులు పెరిగి కొయ్యను పిప్పి చేస్తాయి. చెదలు (కన్నడంలో గెద్దలు) నేల నుండి గోడ వెంట మట్టిదారులు కట్టుకొని పైకి వస్తాయి. నల్లని తుమ్మెదలు పూతలేని కొయ్యకు గుండ్రని రంధ్రాలు తొలిచి గూడు పెట్టుకుంటాయి.

ముందు పరీక్ష

పూతకు ముందు దూలాన్ని సుత్తితో అంతటా తట్టి చూడాలి. గట్టి కొయ్య ఖంగుమంటుంది. లోపల తిన్న కొయ్య డొల్లగా పలుకుతుంది. దబ్బనంతో గుచ్చినప్పుడు సులువుగా దిగితే అక్కడ పిప్పి పట్టినట్లే. గోడలో దిగిన కొనను, బోదెపై ఆనే చోటును, దంతెలు కూర్చున్న పైభాగాన్ని తప్పక పరీక్షించాలి. దూలం వంగినా, కొన మెత్తబడినా వెంటనే పోటు పెట్టి, కింద ఎవరినీ కూర్చోనీయక, వడ్రంగిని పిలిపించాలి. ఏ పూతా పోయిన బలాన్ని తిరిగి తేలేదు. చెడిన దూలానికి రంగు వేయడం, పలక కొట్టడం అపాయాన్ని దాచడమే.

నీటిని తప్పించడం

మిద్దె కారుతుంటే ముందు దానిని బాగుచేయాలి. తూము నీరు దూలంపై పడకుండా గొట్టాన్ని ముందుకు సాగించాలి. గోడలోని దూలపు కొన చుట్టూ సిమెంటు బిగించడం మంచిది కాదు. తేమ బయటికి పోయే దారి ఉండదు. కొన కింద రాతి పలక ఉంచి, పక్కల కొంత ఖాళీ విడవాలి. గోడ దాటి ముందుకు వచ్చిన దూలపు తల అన్నిటికంటె ఎక్కువ నీరు పీలుస్తుంది. దానికి జింకు రేకుతో టోపీ చేయించవచ్చు. రేకుకు, కొయ్యకు నడుమ చిన్న చెక్కముక్కలతో అర అంగుళం సందు విడిచి, అంచును కిందికి వంచాలి. మేకులు పైనుండి కాక పక్కనుండి కొట్టాలి. దూలాన్ని నాలుగు వైపులా మూసివేయరాదు.

పురుగుమందు

పాత పూత తొలగించిన పొడి కొయ్యకు బోరాక్సు, బోరిక్ ఆమ్లం ద్రావణం మేలు చేస్తుంది. పది లీటర్ల వేడినీటిలో 600 గ్రాముల బోరాక్సు, 400 గ్రాముల బోరిక్ ఆమ్లం కరిగించి రెండు మూడు సార్లు పూయాలి. ఇది వానకు కడిగిపోతుంది; అందువల్ల ఆరిన పిదప పైపూత తప్పనిసరి. చేతితొడుగులు వాడి, పిల్లలను, పశువులను దూరంగా ఉంచాలి. నేలలోని చెదలకు మందు వేయడం తర్ఫీదు పొందినవారి పని. పూర్వం విరివిగా చల్లిన బి.హెచ్.సి. పొడి 1997లో నిషేధింపబడింది. మూలన పాత డబ్బా ఉన్నా వాడరాదు.

నూనె, వార్నిషు, రంగు

అవిసె నూనెకు తొలి పూతలో సమానంగా టర్పెంటైను కలిపితే లోనికి ఇంకుతుంది. మిగిలిన నూనెను తుడవాలి. ఏటా మళ్లీ పూయాలి. నూనె గుడ్డలను ముద్దగా పడవేస్తే వాటంతటవే వేడెక్కి మండే ప్రమాదం ఉన్నది. నీటిలో ముంచి, విప్పి ఆరబెట్టాలి. వార్నిషు కొయ్య అందాన్ని చూపుతుంది. అయితే ఇంటిలోపలి వార్నిషు ఎండకు పెచ్చులూడుతుంది. బయటి పనికని డబ్బాపై వ్రాసినదే కొనాలి. అన్నిటికంటె ఎక్కువ కాలం నిలిచేది రంగు. అందులోని వర్ణద్రవ్యం ఎండను అడ్డుకుంటుంది. గరుకు కాగితంతో రుద్ది, ప్రైమరు పూసి, పగుళ్లకు లప్పం పెట్టి, రెండు పూతలు ఎనామిల్ వేయాలి. వాడిన ఇంజను ఆయిలు చవకే గాని, అది విషపూరితం. మనుషుల చేతులు తగిలే వసారాకు పనికిరాదు.

పాత రంగుతో జాగ్రత్త

ఇళ్ల రంగులలో సీసం 90 పి.పి.ఎం. మించరాదన్న నిబంధన 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చింది. అంతకు ముందటి రంగులో సీసం ఎక్కువగా ఉండవచ్చు. ఆ ధూళి పిల్లల మెదడుకు హానికరం. పొడిగా గీకక, తడిపి రుద్ది, పొట్టును కాగితంపై పట్టి దూరంగా పూడ్చాలి.

అనువైన కాలం

సంక్రాంతి దాటిన పిదప ఉగాది లోపల ఈ పని చేయడం మేలు. కొయ్య ఎండి ఉంటుంది. మంచు విడిచిన తరువాత, ఎండ ముదరకముందు పూత వేయాలి. తడిసిన దూలాన్ని కొన్ని వారాలు ఆరనిచ్చిన తరువాతే పూయాలి. వేసవి చివర పగుళ్లను మరొకమారు చూసి లప్పం పెడితే, రానున్న వానలకు ఇంటిల్లిపాది నిశ్చింతగా ఉండవచ్చు.