శుభ్రానికి బలైన చేపలు

గప్పీ చేప ఎంత మొండిదో మునిసిపాలిటీ వాళ్ళనడగండి. దోమపిల్లల్ని తింటుందని దాన్ని తీసికెళ్ళి మురిక్కాలవల్లోనూ, పాడుబడ్డ బావుల్లోనూ వదులుతారు. అక్కడది హాయిగా సంసారం చేసుకుని, నెల తిరిగేసరికల్లా పిల్లల్ని కూడా కంటుంది. గుడ్లు కాదు, పిల్లల్నే! అలాంటి గప్పీలు ఎనిమిది, మా ఇంట్లో అద్దాల తొట్టిలో, తళతళలాడే కుళాయి నీళ్ళలో, రెండ్రోజుల్లో చచ్చి పైకి తేలాయి.

హంతకుణ్ణి నేనే. మా అమ్మాయి పుట్టినరోజుకి కొన్న చేపలవి. ఓ ఆదివారం తొట్టి నీళ్ళు కాస్త పచ్చబడ్డట్టు కనిపిస్తే మనసొప్పలేదు. నీళ్ళన్నీ పారబోసి, గులకరాళ్ళు బియ్యం కడిగినట్టు కడిగి, ఫిల్టరులోని స్పాంజిని కుళాయి కింద పిండి పిండి తెల్లగా చేసిపెట్టాను. మంగళవారానికి అమ్మాయి నాతో మాట్లాడ్డం మానేసింది. చేపల కొట్టు కుర్రాడు నా గోడంతా విని, "స్పాంజి కూడా కడిగేశారా సార్?" అని ఒక్కమాట అడిగాడు. ఆ ఒక్కమాట వెనకాల 170 ఏళ్ళ పైచిలుకు చరిత్ర ఉందని పుస్తకాలు తిరగేశాక గానీ తెలిసిరాలేదు.

ముందు పేరు సంగతి. ట్రినిడాడ్ దీవిలో లెచ్‌మియర్ గప్పీ అనే దొర ఉండేవాడు. ఆయన ఈ చేపల్ని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి పంపితే, అక్కడి గుంథర్ పండితుడు 1866లో వాటికి ఆయన పేరే పెట్టాడు. తీరా చూస్తే వెనిజులా నుంచి వచ్చిన ఈ చేపకే బెర్లిన్‌లో పీటర్స్ అనే ఆయన 1859లోనే నామకరణం చేసేశాడు. శాస్త్రంలో ముందు పెట్టిన పేరుదే హక్కు. అంచేత గ్రంథాల్లో 'పొసీలియా రెటిక్యులేటా' నిలిచింది, జనం నోట్లో గప్పీగారు నిలిచారు. గెలుపెవరిదంటారు?

ఇహ తొట్టి కథ. లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఒక గాజుపాత్రలో రెండు బంగారు చేపల్నీ, ఓ నీటి మొక్కనీ ఉంచాడు. మొక్క ఇచ్చే ప్రాణవాయువుతో చేపలు బతుకుతాయి, చేపలు వదిలింది మొక్క పీల్చుకుంటుంది, ఇద్దరికీ సరిపోతుందన్నది ఆయన లెక్క. కానీ మొక్క ఆకులు కుళ్ళి నీళ్ళు చెడిపోవడం మొదలెట్టాయి. కుళ్ళు తినిపెట్టడానికి నత్తల్ని తెచ్చి వేశాడు. తొట్టి తేరుకుంది. 1850లో ఈ ముచ్చట రసాయన శాస్త్రజ్ఞుల సంఘానికి విన్నవించాడు. నిజానికి ఆ తొట్టిలో కంటికి కనపడని కాపురం మరొకటి కూడా ఉంది. అది ఆయనకు తెలియదు, ఎవరికీ తెలియదు.

దాని జాడ పట్టింది చేపల వాళ్ళు కాదు, మురుగునీళ్ళ వాళ్ళు. 1877లో ఫ్రాన్సులో ష్లోజింగ్, ముంట్జ్ అనే ఇద్దరు ఒక గొట్టంలో ఇసుక నింపి, పైనుంచి మురుగునీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ వచ్చారు. పైన పోసిన అమ్మోనియా అడుగున అమ్మోనియాగానే దిగింది. అలా దాదాపు 20 రోజులు! తర్వాత ఉన్నట్టుండి అది నైట్రేటుగా మారి రావడం మొదలెట్టింది. గొట్టంలోకి క్లోరోఫారం ఆవిరి పంపితే ఆ మార్పు ఆగిపోయింది. కాస్త మట్టి కలిపిన నీళ్ళు పోస్తే మళ్ళీ సాగింది. అంటే ఆ పని చేస్తున్నది ఉత్త ఇసుక కాదు, ఇసుకని పట్టుకున్న ప్రాణులన్నమాట. 1890లో వినోగ్రాడ్‌స్కీ ఆ సూక్ష్మజీవుల్ని విడదీసి చూపించాడు. ఒక రకం అమ్మోనియాని నైట్రైటు చేస్తుంది. అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేటు చేస్తుంది. చేపకి అది చాలావరకు ఓర్చుకోదగ్గది.

నేను పిండి పారేసింది ఆ కాపురాన్నే! కొత్త తొట్టి కుదుటపడ్డానికి నెల పైనే పడుతుందని కొట్లో చెప్పేది ఇందుకే. ఆ ఫ్రెంచివాళ్ళ 20 రోజుల్లాంటిదే అది.

మరి మురిక్కాలవలో ఎలా బతుకుతుంది? అక్కడి బురదకీ, గోడలకీ ఈ జీవులు పట్టి ఉంటాయి. ప్రాణవాయువు తక్కువైతే గప్పీ నీటి పైపొరకి వచ్చి నోరు తెరుచుకుంటుంది. పైగా అక్కడెవరూ ఆదివారం పూట స్పాంజి కడగరు. మరోటి, క్లోరిన్. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీలో ఊరి నీళ్ళకి నిత్యం క్లోరిన్ కలపడం మొదలైంది. తర్వాత లోకమంతా అనుసరించింది. ఎన్ని కోట్ల పసిపిల్లలు బతికారో! మనకి ప్రాణం పోసే ఆ మందే చేప మొప్పల్ని కాలుస్తుంది. నేను ఒకే ఆదివారం రెండు దెబ్బలూ వేశాను.

బోరు నీళ్ళు బకెట్లకి తెల్లటి చార కడతాయని మా ఆవిడ విసుక్కుంటుంది గానీ, గప్పీకి ఆ సున్నపు నీళ్ళే ఇష్టం. పీహెచ్ ఏడు దాటి ఎనిమిదిలోపు ఉంటే దానికి పండగ. చిక్కేమిటంటే పీహెచ్ పెరిగినకొద్దీ అమ్మోనియా విషమూ పదునెక్కుతుంది. అంచేత తిండి తక్కువ వెయ్యాలి. మిగిలిన తిండి కుళ్ళితే అమ్మోనియాయే.

ఇప్పుడు వారానికోసారి పావువంతు నీళ్ళే మారుస్తాను. కుళాయి నీళ్ళు ముందురోజే బకెట్లో పట్టి ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుంది. క్లోరమీన్ కలిపే ఊళ్ళలో మాత్రం అది అంత తొందరగా పోదు, కొట్లో దొరికే మందు చుక్కలు వెయ్యాల్సిందే. స్పాంజిని తొట్టిలోంచి తీసిన మురికినీళ్ళలోనే రెండుసార్లు నొక్కి మళ్ళీ పెట్టేస్తాను. చూసి మా అమ్మ, "మురికిని మురికితో కడగడమేమిట్రా, చదువుకున్నావు కదా!" అంటుంది. వినోగ్రాడ్‌స్కీ సంగతి ఆవిడకింకా చెప్పలేదు. మొన్న గురువారం ఆడ గప్పీ ఈనింది. అమ్మాయి పదకొండు లెక్కపెట్టింది. తల్లి తినేస్తుందని వాటిని గిన్నెలోకి మార్చబోతూ, "నాన్నా, ఏ నీళ్ళు పొయ్యాలి?" అని అడిగింది.