మాగాణిలో పెరిగిన కళాశాల

మా భట్టిప్రోలు పేరు లోకానికి తెలిసింది తవ్వకాల వల్ల. 1892లో అలెగ్జాండర్ రీ ఇక్కడి స్తూపం దిబ్బను తవ్వించి ధాతుకరండాలను బయటికి తీశాడు. వాటి మీది బ్రాహ్మీ శాసనాలను 1894లో బ్యూలర్ చదివి ప్రకటించాడు. అందులో కుబేరకుడనే రాజు పేరుంది. దాంతోపాటు గోష్ఠి సభ్యుల పేర్లూ, నిగమ సభ్యుల పేర్లూ వరసగా చెక్కి ఉన్నాయి. రెండు వేల ఏళ్ల పైబడిన ఆ మనుషుల పేర్లు ఈనాడు మనం చదువుకోగలుగుతున్నాం. మరి మన తాతల కాలం నుంచి ఈ మాగాణిని మార్చినవాళ్ల పేర్లు మన ఊళ్లో ఎందరికి తెలుసు? ఆ మార్పు జాడ పట్టుకుని వెళితే దారి బాపట్ల వ్యవసాయ కళాశాలకు చేరుతుంది. ఆ కళాశాల చరిత్రలో సగం దాని ప్రహరీ లోపల ఉంటే, మిగతా సగం మా ఊళ్ల పొలాల్లో ఉందని నా నమ్మకం.

మద్రాసు ప్రెసిడెన్సీలో వ్యవసాయ విద్య 1868లో సైదాపేటలో మొదలైంది. 1906లో అది కోయంబత్తూరుకు తరలింది. ఆ తర్వాత చాలాకాలం తెలుగు కుర్రాడు వ్యవసాయంలో పట్టా పుచ్చుకోవాలంటే అంత దూరం వెళ్లాల్సిందే. కృష్ణా ఆనకట్ట 1855 నాటికే పూర్తయి, పశ్చిమ డెల్టా కాలవల కింద లక్షల ఎకరాలు సాగవుతున్నా, ఆ సాగు గురించి చదువుకునే చోటు మాత్రం ఇక్కడ లేదు. 1943 నాటి బెంగాల్ కరువు దేశాన్ని వణికించింది. యుద్ధం వల్ల బర్మా బియ్యం ఆగిపోయింది. తిండిగింజలు ఎక్కువ పండించాలని ప్రభుత్వం ఊరూరా చెబుతున్న రోజులవి. ఆ నేపథ్యంలో 1945 జులై 11న బాపట్లలో వ్యవసాయ కళాశాల మొదలైంది. ఆంధ్ర ప్రాంతానికి అదే మొదటి వ్యవసాయ కళాశాల. మరుసటి ఏడు నిజాం రాజ్యంలో, రాజేంద్రనగర్‌లో మరొకటి వచ్చింది.

వ్యవసాయం నేర్చుకునే వాళ్లకు బాపట్ల లాంటి చోటు దొరకడం అదృష్టం. ఒక పక్క కాలవ నీటితో పండే నల్లరేగడి మాగాణి, మరో పక్క సముద్రం దాకా ఇసుక నేలలు, మధ్యలో ఉప్పు తేలే చవుడు. పుస్తకంలో వేర్వేరు పాఠాలుగా ఉండే నేలలు అక్కడ సైకిలు మీద తిరిగి వచ్చేంత దూరంలోనే ఉన్నాయి. రైతుకు చదువు కావాలనే మాట కూడా ఈ చుట్టుపక్కల అప్పటికే పాతబడింది. ఆ పక్కనే ఉన్న నిడుబ్రోలులో పుట్టిన ఆచార్య ఎన్.జి.రంగా, రైతు కార్యకర్తల కోసం 1930లలోనే సొంత ఊళ్లో రైతాంగ విద్యాలయం నడిపారు. అది హక్కులు నేర్పిన బడి. బాపట్లది పంట నేర్పిన బడి. ఇప్పుడు బాపట్ల కళాశాల రంగా గారి పేరున్న విశ్వవిద్యాలయంలోనే భాగం.

మా వైపు కుర్రాళ్లు రేపల్లె బండెక్కి తెనాలిలో దిగి, మద్రాసు లైనులో మరో బండి పట్టుకుని బాపట్ల చేరేవారు. ఊళ్లో ఆ చదువును అందరూ ‘ఏజీ బీఎస్సీ’ అనేవారు, ఇప్పటికీ అంటారు. గట్ల మీద పుట్టి పెరిగిన పిల్లవాడికి కూడా అక్కడ కొత్తగా నేర్చుకోవలసింది చాలా ఉండేది. ఇంటి దగ్గర నాన్న ‘తెగులు’ అని ఒక్క మాటలో తేల్చేసేదాన్ని అక్కడ శిలీంధ్రమా, బాక్టీరియానా, వైరసా అని విడదీసి చూడాలి. పొద్దున్నే పొలంలో క్లాసు. విద్యార్థులకు కేటాయించిన మడిలో దుక్కి నుంచి కోత దాకా పని వాళ్లే చేయాలి. నారు పీకాలి, ఊడ్చాలి, ఎరువు లెక్కగట్టి చల్లాలి, పండినదాన్ని తూచి చూపాలి. వీటికి మార్కులు ఉంటాయి. జీవితంలో ఎన్నడూ బురదలో దిగని పట్నం పిల్లలూ, బడికి వెళ్లే ముందు గొడ్లకు మేత వేసి వచ్చిన పల్లెటూరి పిల్లలూ ఒకే మడిలో వంగి నాట్లు వేయడం ఆ కళాశాల నేర్పిన మొదటి పాఠమని చెప్పాలి.

పురుగుల పెట్టె ఏజీ విద్యార్థి జీవితంలో ఒక ఘట్టం. పురుగును పట్టి, సూది గుచ్చి, రెక్కలు సర్ది, పేరు రాసి పెట్టెలో వరసగా అమర్చాలి. కలుపు మొక్కలైతే కాగితాల మధ్య ఆరబెట్టి పుస్తకంగా కుట్టాలి. సెలవులకు ఊరొచ్చిన విద్యార్థి వల పట్టుకుని గట్ల వెంట తిరుగుతూ, రాత్రి వీధి దీపం కింద పురుగుల కోసం కాచుకుని కూర్చోవడం మా పల్లెల్లో చాలామంది ఎరిగిన దృశ్యమే. ఊద, తుంగ, గరిక కోసం అతను గట్టున పనిచేసుకునే ఆడవాళ్లనే అడిగేవాడు. అతని పుస్తకంలో లాటిన్ పేరు ఉంటే, పక్కన రాయాల్సిన తెలుగు పేరు వాళ్ల నోట ఉండేది. ఆ విధంగా పరీక్షకు ఇవ్వాల్సిన పుస్తకంలో ఊరి పరిజ్ఞానం కూడా చేరేది.

1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. రాజేంద్రనగర్, తిరుపతి కళాశాలలతోపాటు బాపట్ల కళాశాల దాని కిందికి వచ్చింది. బోధన, పరిశోధన, విస్తరణ మూడూ ఒకే గొడుగు కిందికి రావడం అప్పటి పెద్ద మార్పు. క్లాసులో చెప్పే విషయం పక్క పొలంలో పరీక్షకు నిలవాలి, అక్కడ నిలిచింది రైతు చేలోకి చేరాలి. ఈ వరస ఫలించిన తీరు మా ఊళ్ల గాదెలకు బాగా తెలుసు.

మా పెద్దల కాలంలో పొలాల్లో అక్కుళ్లు, కృష్ణకాటుకలు అనే వరి రకాలు ఉండేవి. 1960ల చివర ఐఆర్-8 వచ్చింది. దిగుబడి పెరిగింది గానీ ముతక బియ్యం తిన్నవాళ్లు మళ్లీ సన్నాల కోసం చూశారు. మసూరి సన్నం, రుచి. కానీ మనిషి నడుము దాటి పెరిగి, గాలి వానకు పడిపోయేది. ఈ చిక్కుకు బాపట్ల పరిశోధన కేంద్రంలో ఎం.వి.రెడ్డి గారి కృషితో జవాబు దొరికింది. కోయంబత్తూరులో ఎంపిక చేసిన పాత సన్న రకం జీఈబీ-24ను తైవాన్ నుంచి వచ్చిన పొట్టి రకం తైచుంగ్ నేటివ్-1తో సంకరపరచి, దాన్ని మళ్లీ మలేసియా మీదుగా వచ్చిన మసూరితో కలిపారు. తరాల తరబడి ఏరగా ఏరగా నిలిచింది బీపీటీ-5204. 1986లో సాంబ మసూరి పేరుతో విడుదలైంది. బాపట్ల ప్రాంతపు చదువుకు పెద్దదిక్కుగా ఉండిన కోయంబత్తూరు, ఈ వడ్ల వంశంలోనూ పెద్దదిక్కుగా ఉండడం నాకు ఎంతో సంతోషం కలిగిస్తుంది.

ఆ గింజ ఎంత దూరం పోయిందో చూడండి. రాయలసీమ వైపు అదే కర్నూలు సోనా, నంద్యాల సోనా. తమిళనాడు అంగళ్లలో అదే ఆంధ్రా పొన్ని. కర్ణాటకలో తుంగభద్ర ఆయకట్టు రైతులూ దాన్నే నాటారు. అయితే దానికి లోపాలు లేకపోలేదు. పంట చేతికి రావడానికి దాదాపు 150 రోజులు పడుతుంది. కాలవ నీళ్లు ఆలస్యమైతే కోత నవంబరు తుపాన్ల నోట్లో పడుతుంది. అగ్గి తెగులు, ఎండాకు తెగులు దాన్ని ఇట్టే పట్టుకుంటాయి. ఎండాకు తెగులును తట్టుకునేలా హైదరాబాదు శాస్త్రవేత్తలు మెరుగుపరచిన సాంబ మసూరి 2008లో వచ్చింది. బాపట్ల వాళ్లూ ఆగిపోలేదు. ఆ ఊరి పాత పేరునే పెట్టుకుని భావపురి సన్నాలు వచ్చాయి. ఇంకా కొత్త రకాలు వస్తూనే ఉన్నాయి.

ఇక్కడ మా ఊళ్ల వాటా ఏమిటో చెప్పాలి. ఏ కొత్త వంగడమూ పరిశోధన కేంద్రం నుంచి నేరుగా బజారుకు పోదు. ముందు మినీకిట్ సంచుల్లో రైతుల చేతికి వస్తుంది. రైతు తన చేలో ఒక మూల దాన్ని నాటి, పక్కనున్న తన పాత రకంతో పోల్చి చూస్తాడు. పడిపోయిందా, తెగులు పట్టిందా, మిల్లులో నూక ఎంత పోయింది, అన్నం ఎలా ఉంది? ఈ ప్రశ్నలకు ఆఖరి జవాబు చెప్పేది రైతు కుటుంబమే. పంట పోతే ఆ మూల నష్టం అతనిదే. వంగడం పేరు పక్కన ఆ రైతు పేరు ఎక్కడా ఉండదు.

వరి ఒక్కటే కాదు. నిజాంపట్నం నుంచి చీరాల దాకా తీరం ఇసుకలో రైతులు దొరువులు తవ్వి, కడవలతో నీళ్లు మోసి కూరగాయలు పండించేవారు. ఆ ఇసుకలో వాన నీరు పైన పలచగా నిలిచి, దాని కింద ఉప్పునీరు ఉంటుంది. లోతుగా బోరు దించి గట్టిగా తోడితే ఉప్పు పైకి వచ్చేస్తుంది. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన విభాగం ఈ పాత దొరువునే ఆధారం చేసుకుంది. ఇసుక కింద రంధ్రాల గొట్టాలను అడ్డంగా పరచి, పైపొర మంచినీటిని మాత్రమే ఒక బావిలోకి చేర్చి, అక్కడి నుంచి తుంపర్లతో తడిపే పద్ధతి రూపొందించింది. తీరం రైతు తరాలుగా ఎరిగిన సంగతిని కొలిచి, లెక్కగట్టి, కడవ బరువు లేకుండా తిరిగి అతనికే అందించింది. 1977 నవంబరు ఉప్పెనలో ఉప్పు మునిగిన చేలను చూసిన ఈ తీరానికి అటువంటి పరిశోధన ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

ఆఖరి ఏడు విద్యార్థులు పల్లెల్లో ఉండి రైతు దగ్గర పని నేర్చుకోవడం ఇప్పుడు చదువులో భాగం. ఆ జట్లలో ఆడపిల్లలు ఎక్కువగా కనిపిస్తున్నారు. రచ్చబండ దగ్గర రంగు ముగ్గులతో ఊరి పటం వేసి, ఏ కాలవ ఎటు పోతుందో, ఏ చెరువు పూడిపోయిందో పెద్దల్ని అడిగి గుర్తులు పెడతారు. అరచేతిలో సమాచారమంతా ఉన్న పిల్లలు, వరి కోతకు ముందే తడి చేలో మినుము చల్లడానికి అదను ఎలా తెలుస్తుందో ఒక ముసలి రైతును అడిగి రాసుకుంటారు. చదువుకు ఇంతకన్నా మర్యాద ఏముంటుంది?

2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడి, అప్పటిదాకా గుంటూరు జిల్లాలో ఉన్న భట్టిప్రోలు అందులో చేరింది. కళాశాల ఇప్పుడు మా జిల్లా కేంద్రంలోనే ఉంది, ఎనభై ఏళ్లు నిండాయి. దాని గురించి ఉత్సవ సంచికలు వస్తాయి, ప్రిన్సిపాళ్ల ఫొటోలు అచ్చవుతాయి. అవి రావాలి కూడా. వాటితోపాటు మరో పని జరగాలని నా కోరిక. మినీకిట్ నాటి చూసిన రైతులు, విద్యార్థులకు ఇంట్లో అన్నం పెట్టిన తల్లులు, దొరువులు తవ్విన కూలీలు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. ఏ ఏడు ఏ రకం నాటారో, ఏది ఎందుకు వదిలేశారో వాళ్లకు గుర్తుంది. ప్రతి ఊరి హైస్కూలు పిల్లలూ ఒక్కో ఇంటికి వెళ్లి ఆ సంగతులు రాసుకుని, పేర్లతో సహా కళాశాల గ్రంథాలయానికి అందించాలి. నిగమ సభ్యుల పేర్లను రాతిపెట్టె మీద చెక్కించిన ఊరు మాది. ఆ పనికి మొదటి నోటుపుస్తకం భట్టిప్రోలు నుంచే వెళ్లాలి.